మన పెరట్లో నల్లకళ్ల సూజన్‌

పిల్లల దగ్గరికని వేసవిలో అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలు ఈ పువ్వును చూసే ఉంటారు. రోడ్ల పక్కన, ఇళ్ల ముందు గుంపులుగా పూస్తుంది. చుట్టూ పసుపు రేకులు, మధ్యలో ముదురు గోధుమరంగు బొడిపె. దూరం నుంచి చూస్తే కాటుక పెట్టిన కన్నులా ఉంటుంది. అందుకే దాని పేరు బ్లాక్‌ ఐడ్‌ సూజన్‌. ఉత్తర అమెరికా దీని పుట్టిల్లు. 1918 నుంచీ మేరీల్యాండ్‌ రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

'నాలుగు విత్తనాలు కొంగున ముడేసుకొస్తే పోలా' అనిపించడం సహజమే. కానీ ఆ పని చేయకండి. విదేశీ విత్తనాలు తేవాలంటే అనుమతి, తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. వాటితోపాటు కొత్త తెగుళ్లు వస్తే నష్టం మన పంటలకే. ఇక్కడి విత్తనాల దుకాణాల్లో 'రుడ్బెకియా' అని అడగండి. బ్లాక్‌ ఐడ్‌ సూజన్‌ అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన 'థన్‌బర్జియా' తీగ విత్తనాలు ఇచ్చే అవకాశం ఉంది. దాని పేరూ అదే మరి!

అసలు చిక్కంతా కాలంతోనే. అక్కడ వేసవి పువ్వు కదా అని మనమూ ఏప్రిల్‌లో విత్తితే లేత మొలకలు ఎండకు మాడిపోతాయి. మన దగ్గర దీన్ని చలికాలపు పువ్వుగానే చూడాలి. వానలు తగ్గాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో నారు పోయండి. విత్తనాలను లోతుగా పూడ్చకుండా మట్టిపై చల్లి చేత్తో అదమండి. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. మొక్కలకు నాలుగైదు ఆకులు వచ్చాక అడుగు దూరంలో నాటండి. కుండీలోనైతే ఒక్క మొక్క చాలు.

రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. నల్లరేగడి నేలైతే ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడిని ఎత్తుగా చేయండి. నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. ఎరువు మరీ ఎక్కువేస్తే ఆకులే తప్ప పూలుండవు. ఆకులు నూగుగా ఉంటాయి కాబట్టి తడి ఆరక మచ్చలు పడతాయి. నీళ్లు మొదట్లోనే పోయండి.

మూడు నాలుగు నెలల్లో పూత మొదలవుతుంది. వాడిన పూలను తుంచేస్తుంటే కొత్త మొగ్గలు వస్తాయి. చివరి పూలు నాలుగు మాత్రం మొక్కనే ఎండనివ్వండి. ఎండలు ముదిరాక మొక్క పోయినా దిగులుండదు. ఆ బొడిపెల్లోని సన్నని గింజల్ని కాగితం పొట్లంలో దాచుకుంటే వచ్చే ఏటికి విత్తనం మీ ఇంట్లోనే!

అన్నట్టు, మొదటి పువ్వు పూయగానే పిల్లలకు ఫొటో పంపండి. అక్కడ మంచు కురిసే వేళ వాళ్ల వేసవి పువ్వు మీ పెరట్లో నవ్వుతుంటే ఎంత సంబరపడతారో చూడండి.