చల్లారాక నీళ్లెందుకు?

మే నెల సాయంత్రం, విశాఖ బీచ్ రోడ్డు. వరసగా అయిదారుగురు పిల్లల్ని మోసి తిరిగొచ్చిన తెల్లగుర్రం నిలబడి ఉంది. జీను పట్టీ కింద చెమట సబ్బునురగలా కట్టింది. ముక్కుపుటాలు విచ్చుకుని, డొక్కలు కొలిమితిత్తుల్లా ఎగసిపడుతున్నాయి. పక్కనే బకెట్ నిండా నీళ్లు. "పోయొచ్చు కదా బాబూ?" అన్నాను. "అమ్మో, వేడిమీద పోస్తే నరాలు పట్టేస్తాయి సార్. చల్లారాక పోస్తాను" అన్నాడు కుర్రాడు.

చల్లారాక చల్లార్చడమేమిటో! అయినా వాణ్ణి తప్పుపట్టను. ఖరీదైన గుర్రాలున్నవాళ్లు కూడా ఇదే మాట చెప్పగా విన్నాను. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు బిగుసుకుంటాయట, తాగిస్తే కడుపునొప్పితో పొర్లుతుందట. తరాలుగా చెప్పుకుంటున్నంత మాత్రాన నిజమవ్వాలని లేదు.

గుర్రం కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో మహా అయితే నాలుగో వంతు పరుగవుతుంది. మిగిలిందంతా వేడే. నాలుగైదు క్వింటాళ్ల ఒళ్లు. బరువుతో పోల్చి చూస్తే మనకున్నంత చర్మం దానికి లేదు. అందుకే ఎండలో గట్టిగా పనిచేస్తే గంటకు పది పదిహేను లీటర్ల చెమట కారుస్తుంది. కానీ ఒంటిని చల్లబరిచేది ఆవిరయ్యే చెమట, కారిపోయేది కాదు. సముద్రపు తేమగాలిలో చెమట ఎక్కడ ఆవిరవుతుంది? గుర్రాలవాళ్లకు ఒక మోటు లెక్క ఉంది: ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలపాలి. 150 దాటితే చెమట ఒక్కటే చాలదు, 180 దాటితే స్వారీ మానుకోవాలి. 93 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న రోజున మొత్తం 168. ఆ పూట గుర్రానికి దిక్కు ఆ బకెట్టే.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో గుర్రాలు ఎండకు అల్లాడాయి. తరవాతి పోటీలు జరిగే అట్లాంటాలో వేడికి ఉక్కపోత కూడా తోడు. దాంతో పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద గుర్రాల్ని వేడెక్కించి, ఒళ్లంతా చల్లటి నీళ్లు గుమ్మరించి చూశారు. ఒంటి వేడి దిగింది. కండరాలు పట్టెయ్యలేదు. 1996లో అట్లాంటా మైదానంలో ఐసు కలిపిన నీళ్లు, తుంపరలు చిమ్మే ఫ్యాన్లు సిద్ధంగా పెట్టారు. 2021లో టోక్యోలోనూ ఐసునీళ్లే.

చన్నీళ్లు తగిలితే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందని వాదించేవాళ్లున్నారు. మామూలుగా 38 డిగ్రీల సెల్సియస్ ఉండే ఒళ్లు 41 దగ్గర కాగుతుంటే, వేడి బయటికి రాకుండా నాళాలు పూర్తిగా మూసుకుపోవు. మంచు కురిసే రాత్రి గుర్రాన్ని తడిపి చలిగాలికి వదిలెయ్యకూడదంటే ఒప్పుకుంటాను. మన మే నెలకు ఆ భయం దేనికి?

కొందరు తడిగుడ్డ కప్పి పుణ్యం చేశామనుకుంటారు. కాసేపటికి ఆ గుడ్డే వెచ్చనై గాలి తగలనివ్వదు. కాళ్లు తడిపి ఊరుకున్నా లాభం లేదు. వేడంతా పిరుదుల్లో, తొడల్లో, మెడలో ఉంటుంది. అక్కడ ఆపకుండా పొయ్యాలి. మధ్యమధ్య నీళ్లు గీకి తీసే పనిలో పడి పోయడం ఆపెయ్యడం కంటే ఇంకో రెండు బకెట్లు తేవడం మేలు. ఎండలో పడున్న పైపయితే, మొదటొచ్చే వేడినీళ్లు నేలపాలు చేశాకే గుర్రం మీదికి తిప్పాలి.

తాగనివ్వకపోవడం మరీ అన్యాయం. గుర్రం చెమటతోపాటు ఉప్పు కూడా విపరీతంగా పోతుంది. అందువల్ల ఒంట్లో నీళ్లు తగ్గినా నెత్తురు చిక్కబడ్డట్టు మెదడుకు తెలీదు, దాహమూ అంతగా వెయ్యదు. దిగగానే ముందుపెడితే నాలుగు గుక్కలు తాగుతుంది. గంటాగి పెడితే మూతి తిప్పుకున్నా ఆశ్చర్యం లేదు.

ఇదంతా చెబితే కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. బకెట్‌లో చేతులు ముంచి ముఖం, మెడ కడుక్కుని, "హమ్మయ్య" అనుకున్నాడు. ఆపైన ఇంకో పిల్లాణ్ణి జీను మీదికెత్తాడు.