ఓడ దిగాక ఆరు గంటలు

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు తల్లిదండ్రులను తమ వద్దకు పిలిపించుకున్నప్పుడు ఒకప్పుడు నయాగరా, వాషింగ్టన్ చూపించి సరిపెట్టేవారు. ఇప్పుడు ఆ జాబితాలో ఓడ ప్రయాణం కూడా చేరింది. మయామీలోనో, ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లోనో క్రూయిజ్ ఓడ ఎక్కి, కరీబియన్ సముద్రంలోని దీవులను రోజుకొకటి చొప్పున చూసి తిరిగి వస్తున్నారు. ఓడలో భోజనం, పడక టిక్కెట్టులోనే కలిసి ఉంటాయి గనుక ఖర్చు ముందే తేలిపోయిందని అనుకుంటాం. నిజానికి కుటుంబాలు లెక్క తప్పేది రేవులో దిగిన తర్వాతనే.

ఓడ ఏ రేవుకు చేరినా యాజమాన్యం తరఫున విహారయాత్రలు అమ్మకానికి సిద్ధంగా ఉంటాయి. బస్సులో దీవి చుట్టూ ఒక చుట్టు, గుహ దర్శనం, పడవ మీద తాబేళ్ళ దగ్గరకు ప్రయాణం. ధర తలకు ఇంత అని డాలర్లలో ఉంటుంది. దంపతులిద్దరికి అది భరించదగినదే గాని, దాదా, దాదీ, ఇద్దరు పిల్లలు కలిసి ఆరుగురైతే ఆరింతలవుతుంది. పైగా రమ్ముకు పేరుపడిన బార్బడోస్ వంటి దీవిలో ఆ యాత్రలలో చాలా వరకు మద్యం తయారీశాల దగ్గర ఆగుతాయి. పడవ విహారాలలో మద్యం వెల తరచుగా టిక్కెట్టులోనే ఉంటుంది. మనం తాగని దానికి, పిల్లలకు చూపదలచుకోని దానికి ఆరుగురి తరఫున ఎందుకు చెల్లించాలి?

అందుచేత బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్ వంటి రేవులో యాత్రను సొంతంగా ఏర్పాటు చేసుకోవడమే కుటుంబాలకు మేలని మా అభిప్రాయం. ఇక్కడ ఓడ నేరుగా గట్టుకు ఆనుకుని నిలుస్తుంది. ఊరు నడక దూరంలోనే ఉంది. దీవి మొత్తం 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు. అక్కడి వారందరికీ ఇంగ్లీషు వచ్చు. బండ్లు మన దగ్గరలాగే రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. గ్రాండ్ కేమన్ వంటి చోట ఓడ సముద్రంలోనే లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవలలో ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ వరుసలలో నిలబడడానికే చాలా సమయం పోతుంది గనుక మేము ఇక్కడ చెప్పే లెక్క ఆ రేవుకు వర్తించదు.

సొంత యాత్రలో అసలైన ప్రమాదం ఒక్కటే. యాజమాన్యం నడిపే యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. మీరు మాట్లాడుకున్న ట్యాక్సీ ఆలస్యమైతే ఆగదు. ఓడ వెళ్ళిపోయిన తర్వాత తదుపరి రేవుకు విమానంలో చేరుకునే ఖర్చు, రాత్రి బస, ఆ దేశంలో ప్రవేశించడానికి కావలసిన వీసా అన్నీ మీ మీదనే పడతాయి. డెబ్భై ఏళ్ళ తండ్రి రక్తపోటు మందులు ఓడలోని గదిలో ఉండిపోయాయంటే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి దిగేటప్పుడు ఓడ కార్డుతో పాటు పాస్‌పోర్టు నకలు, ఒక క్రెడిట్ కార్డు, పెద్దలకు ఒక రోజుకు సరిపడా మందులు చేతిసంచిలో ఉండాలి. ప్రతిరోజు గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో రేవు ఏజెంటు ఫోను నంబరు ఉంటే దానిని ఫోటో తీసుకోవాలి. అమెరికా నుంచి బయలుదేరే ఓడ మళ్ళీ అమెరికాకే వస్తుంది గనుక, ఒకటికి మించి సార్లు ప్రవేశించడానికి వీలున్న వీసా ఉండాలన్న సంగతిని టిక్కెట్టు కొనక ముందే చూసుకోవాలి. తక్కిన దీవులలో ఒక్కొక్క దాని నియమం ఒక్కొక్క రకం.

ఇక గడియారం. ఓడ సమయం వేరు, ఊరి సమయం వేరు కావచ్చు. బార్బడోస్‌లో గడియారం ఏడాది పొడవునా గ్రీనిచ్ కన్నా 4 గంటలు వెనుక ఉంటుంది. మయామీ సమయం వేసవిలో దానితో సమానమే గాని చలికాలంలో 5 గంటలు వెనుకకు పోతుంది. చలికాలంలో ఓడ తన గడియారాన్ని మార్చుకోకపోతే, ఊరి టవరు పట్టుకున్న మీ ఫోను ఓడ కన్నా గంట ముందు ఉంటుంది. దానివల్ల పెద్ద నష్టం లేదు. గంట ముందే వచ్చి కూర్చుంటారు. మెక్సికోలోని కొజుమెల్ దీవిలో వేసవిలో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ ఫోను నాలుగున్నర చూపేసరికి, గడియారం మార్చని ఓడలో ఐదున్నర అయి ఉంటుంది. ఓడ దిగే ముందు ఓడలోని గడియారాన్ని చూసి, కుటుంబంలో ఒకరు ముల్లుల చేతిగడియారాన్ని ఆ సమయానికి సరిచేసుకుని కట్టుకోవడం మంచిది. ఆ రోజుకు అదే ప్రమాణం.

ఇప్పుడు లెక్కను వెనుక నుంచి మొదలుపెట్టాలి. ఓడ ఉదయం 8 గంటలకు వచ్చి సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందనుకుందాం. అందరూ ఎక్కవలసిన గడువు ఇంచుమించు నాలుగున్నర. రేవు ద్వారం దగ్గరకు 3 గంటలకు చేరాలని మనం నిర్ణయించుకోవాలి. ఆ గంటన్నర టైరు పంచరుకు, వానకు, పిల్లవాడి మారాముకు. ఉదయం గుంపు తగ్గి పెద్దలు నెమ్మదిగా దిగేసరికి 9 అవుతుంది. మిగిలినవి ఆరు గంటలు. ఇందులో గుహ, తూర్పు తీరం, తాబేళ్ళు, బజారు, భోజనం అన్నీ ఇరికించిన కుటుంబం దేనినీ చూడదు, ట్యాక్సీ కిటికీని మాత్రమే చూస్తుంది. దూరపు చోటు ఒకటి, దగ్గర చోటు ఒకటి చాలు. దూరపు దానికి ఉదయమే వెళ్ళి రావాలి. రోజు చివరి భాగం ఎప్పుడూ రేవుకు పది నిమిషాల దూరంలో గడవాలి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. పొద్దున్నే దగ్గరి బీచిలో హాయిగా కూర్చుని, మధ్యాహ్నం తర్వాత దూరం బయలుదేరుతారు.

దూరపు చోటుగా మేము హారిసన్ గుహను సూచిస్తాము. దీవి మధ్యభాగంలో, రేవు నుంచి ముప్పావు గంట లోపు దూరంలో ఉంది. భూమి లోపల సున్నపురాయి ధారలుగా గడ్డకట్టిన ఆ గుహలోకి ట్రాము బండిలో కూర్చోబెట్టి తీసుకువెళతారు గనుక మోకాళ్ళ నొప్పులున్న వారు కూడా చూడగలరు. తూర్పు తీరాన బాత్‌షీబా అందం వేరు: అట్లాంటిక్ అలల మధ్య పుట్టగొడుగుల్లా నిలబడిన పెద్ద పెద్ద రాళ్ళు. కానీ అక్కడ నీళ్ళలోకి దిగకూడదు. అడుగున లాగే ప్రవాహం బలమైనది. పిల్లలకు నీళ్ళు చూపించి దిగవద్దని చెప్పడం కన్నా గుహ సుఖమని మా భావన.

ట్యాక్సీలకు మీటరు లేదు. బేరం కుదిరే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ మొత్తం బండికా, తలకా? వేచి ఉండే సమయం కలిసి ఉన్నదా? ఏ డాలరు? ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం. 1975 నుంచి ఈ మారకం మారలేదు. అమెరికా నోట్లు అంతటా తీసుకుంటారు. అందుచేత "అరవై డాలర్లు" అన్న మాటకు అక్కడ రెండు అర్థాలున్నాయి, ఒకటి రెండవదానికి రెట్టింపు. అడిగితే డ్రైవర్లు సూటిగానే చెబుతారు. డబ్బు రేవుకు తిరిగి వచ్చిన తర్వాతే ఇవ్వాలి.

చేతిలో సమయం ఉండి, దగ్గరి చోటుకు వెళ్ళేవారికి బస్సు కూడా మంచిదే. నీలం రంగువి ప్రభుత్వ బస్సులు, పసుపువి ప్రైవేటు మినీబస్సులు, తెలుపు మీద ముదురు ఎరుపు చారలవి వ్యాన్లు. ఎంత దూరమైనా టిక్కెట్టు మూడున్నర బార్బడోస్ డాలర్లు. 2019 నుంచి ఇదే రేటు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు. ఆగే చోట బోర్డు మీద ఊరిలోకి అనో, ఊరి బయటకు అనో రాసి ఉంటుంది, దారి తప్పడం కష్టం. తెల్ల వ్యాన్లలో పాటల హోరు, కిక్కిరిసిన జనం. కుర్రవాళ్ళకు సరదాయే గాని దాదీని ఎక్కించకండి.

రేవు నుంచి ఊరికి సముద్రం పక్కగా నడిస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. దారిలోనే కెన్సింగ్టన్ ఓవల్ మైదానం ఉంది. 2024 జూన్ 29న భారత జట్టు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచ కప్పు అందుకున్నది ఇక్కడే. ఆ జట్టు సభ్యులలో హైదరాబాదు బిడ్డ మహమ్మద్ సిరాజ్ ఒకరని మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మైదానానికి దగ్గరలోనే, కెన్సింగ్టన్ న్యూ రోడ్డులో జామా మసీదు ఉంది. దీనిని పోషిస్తున్న సమాజంలో అధికులు గుజరాతీలు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ముందు బెంగాలు నుంచి, తర్వాత సూరత్ పరిసరాల నుంచి వర్తకులు ఈ దీవికి వచ్చారు. బట్టల మూటలు మోసుకుని ఊరూరా తిరిగి, చెరకు తోటల కూలీలకు అరువు మీద అమ్మి, వారం వారం కొద్దికొద్దిగా వసూలు చేసుకునేవారు. వారి కథను ఆ సమాజానికే చెందిన సబీర్ నఖుదా "బెంగాల్ టు బార్బడోస్" అన్న పుస్తకంగా రాశారు.

బార్బడోస్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాదంతా ఇంచుమించు పన్నెండు గంటలకే. గుహ నుంచి తిరిగి వచ్చేసరికి జుహర్ వేళ సరిగ్గా సరిపోతుంది. స్త్రీలకు ఏర్పాటు ఏమిటో ముందుగా ఫోను చేసి తెలుసుకోవాలి. అక్కడ ఖిబ్లా తూర్పు దిక్కున, కొంచెం ఈశాన్యానికి వాలి ఉంటుంది. ఎప్పుడూ పడమటికి తిరిగే మన పిల్లలకు ఇదొక వింత. భూగోళాన్ని చేతిలో పెట్టి చూపించడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

బ్రిడ్జ్‌టౌన్ పాత పట్టణాన్నీ, దాని సైనిక స్థావరాన్నీ యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పార్లమెంటు ఎదుటి కూడలిలో 1813 నుంచి ఉన్న నెల్సన్ విగ్రహాన్ని 2020 నవంబరులో తొలగించారు. మరుసటి ఏడాది నవంబరు 30న దేశం గణతంత్రమైంది. ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన మనుషుల చెమటతో ఈ దీవి చెరకు పండింది. 1834లో బానిసత్వాన్ని రద్దు చేసినా 1838 దాకా వారు తోటలను విడిచి వెళ్ళలేకపోయారు. తెంచిన సంకెళ్ళతో చేతులు పైకెత్తిన మనిషి విగ్రహం ఒకటి ఊరి వెలుపల కూడలిలో ఉంది. జనం దానిని 1816 తిరుగుబాటు నాయకుడు బుస్సా పేరుతో పిలుస్తారు. ట్యాక్సీ ఆ దారిన పోతే ఒక్క నిమిషం ఆపమనండి. నీలి సముద్రం మాత్రమే చూసి వెళ్ళడానికి ఆ నేల తగినది కాదు.

ఇక చివరి మజిలీ, కార్లైల్ అఖాతం. బార్బడోస్‌లో తీరమంతా ప్రజలదే. హోటళ్ళ ముందు ఇసుక మీద కూడా ఎవరైనా నడవవచ్చు. ఈ వైపు నీరు ప్రశాంతం. తాబేళ్ళను చూపించే పడవవారు ఒడ్డునే దొరుకుతారు. తాబేళ్ళను తాకకూడదని పిల్లలకు ముందే చెప్పండి. మా బృందంలోని నానీ ఈతకు దిగలేదు, పాదాలు తడుపుకుని నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నీడ అన్నాము గనుక ఒక హెచ్చరిక: ఈ తీరాలలో మంచినీల్ అనే చెట్టు పెరుగుతుంది. చిన్న పచ్చి ఆపిలు వంటి కాయ, తియ్యని వాసన. కాయ విషం, పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా అంతే. కొన్నిచోట్ల మానుకు ఎర్రరంగు పట్టీ వేస్తారు, అన్నిచోట్లా వేయరు. తెలియని కాయను ఏరుకోవద్దని పిల్లలకు చెప్పాలి.

భోజనానికి చేపలు ఉండనే ఉన్నాయి. ఎగిరే చేప, కూకూ అక్కడి జాతీయ వంటకం. కూకూ అంటే మొక్కజొన్న పిండిలో బెండకాయ కలిపి ఉడికించి తిప్పినది. సీమవారు చూస్తే సంకటి అనే అంటారు. వేపుడు అడిగేటప్పుడు ఆ నూనెలో మరే మాంసం వేయిస్తున్నారో కనుక్కోవాలి. కేకుల విషయంలో మరింత జాగ్రత్త, అక్కడి నల్ల కేకులో రమ్ము కలుపుతారు. ఏది అడిగినా ముందు శుభోదయమో శుభ మధ్యాహ్నమో చెప్పి అడగండి. పలకరింపు లేని ప్రశ్నను అక్కడివారు మోటుతనంగా భావిస్తారు. ఈత దుస్తులతో బజారులో తిరగడమూ వారికి గిట్టదు. సైనికుల దుస్తుల వంటి మచ్చల బట్టలు ధరించడం ఆ దేశంలో నేరం, చిన్నపిల్లల టోపీ అయినా సరే. పెట్టె సర్దేటప్పుడే తీసేయండి.

ఓడ ఆదివారం చేరుతుందేమో ముందే చూసుకోండి. ఆ రోజు ఊరిలోని దుకాణాలు చాలా వరకు మూసి ఉంటాయి. అవసరానికి పోలీసు 211, అంబులెన్సు 511. మిగిలిన బార్బడోస్ నోట్లను మన ఊళ్ళలో మార్చుకోవడం కష్టం గనుక రేవు ద్వారం లోపలి దుకాణాల్లోనే ఖర్చు చేసేయాలి. ఏడు అంచుల ఒక డాలరు నాణెం మీద మాత్రం ఎగిరే చేప బొమ్మ ఉంటుంది. పిల్లలకు తలా ఒకటి ఉంచుకోనివ్వండి.