చెడుగుడు యువకుల భృతి

ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల నాపరాళ్ళ గనులకును సిమెంటు కర్మాగారములకును కూలికి బోవు కుటుంబములలో చెడుగుడు కూత వినక పెరిగిన పిల్లలు తక్కువ. విదేశపు ఆటలకే జేజేలు మ్రోగిన కాలమున ఈ యాటను బ్రతికించినవి మన పల్లెలు. తిరునాళ్ళ పందెములో గెలిచినవానికి కొంత రొక్కము ముట్టును. మరునాడు గనికి బోవలసినదే. 2014లో ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనది మొదలు, ఆటయే బ్రతుకుదెరువు కాగలదను ఆశ ఈ పిల్లలకు గలిగినది. ఆశ మంచిదే. దానివలన గలుగు నష్టము నెవరు భరింతురన్నదే మా ప్రశ్న.

2023 వేలమున తెలుగు టైటన్స్ జట్టు పవన్ సెహ్రావత్తును 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు చేర్చుకొనెను. ఆ వేలముననే కడపటి తరగతి క్రీడాకారుని ప్రారంభపు వెల 9 లక్షలు. ఈ యంతరమును జూచి మే మసూయపడము. జనమును రప్పించువానికి హెచ్చు సొమ్ము దక్కుట న్యాయమే. కాని ఆ సెహ్రావత్తే 2022లో తమిళ తలైవాస్ పక్షమున తొలి పందెముననే మోకాలు దెబ్బతిని, ఆ పర్యాయ మంతయు ఆడలేకపోయెను. పేరుగలవాడు గావున మరుసటి యేడు మునుపటికంటె హెచ్చు వెల పలికెను. పేరులేని పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాని మోకాలు చెడినచో, వానికి గనిలో బండలెత్తు పనియు దక్కదు గదా!

క్రొత్త యువకులను వేలముతో నిమిత్తము లేక, జట్లు నేరుగ ఒడంబడిక వ్రాయించుకొని చేర్చుకొను పద్ధతియు గలదు. వేలమున పోటీయైన వెలను పెంచును. ఇచ్చట నదియు లేదు. ఒకవైపున న్యాయవాదులుగల సంస్థ, మఱియొకవైపున ఇంగ్లీషు కాగితము చదువనేరని తండ్రి.

ఈ తగవు క్రొత్తది గాదు. ఇంగ్లండు ఉత్తర మండలములందలి బొగ్గుగనుల, మిల్లుల కార్మికులు శనివారపు పని మాని రగ్బీ యాడి, పోయిన కూలి నిమ్మనిరి. 1893లో లండనున గూడిన పెద్దలు కాదనిరి. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డున ఉత్తరపు క్లబ్బులు వేఱుపడి, దినమునకు 6 షిల్లింగుల వఱకు కూలినష్ట మిచ్చుట కంగీకరించెను. నేటి రగ్బీ లీగు దానినుండి పుట్టినదే. వారు కీర్తికి గాక, పోయిన పనిదినమునకు వెలగట్టిరి.

మన లీగును అచ్చటనే మొదలుపెట్టవలెను. శిక్షణ శిబిరము మొదలు ప్రతినెల జీతము, దెబ్బతగిలినచో కోలుకొను వఱకు వైద్యమును జీతమును, ఒడంబడిక తెలుగులో. వేలపు సొమ్ము దీనిపై నదనము. యజమానులు నష్టములు చెప్పుదురు. పైన జెప్పిన మేటి యాటగాని వెలలో పదియవ వంతు, కడపటి తరగతివారు మువ్వురి ప్రారంభపు వెలకు ఇంచుమించు సమానమని వారును లెక్క చూచుకొందురు గాక.

గడువు తీరిన పిదప క్రీడాకారుని కట్టివేయు షరతునకును తావుండరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకార మది చెల్లదని, 2006లో క్రికెట్ క్రీడాకారుడు జహీర్ ఖాన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. అయితే ఢిల్లీ వఱకు పోరాడు స్తోమతు బండలెత్తువాని కొడుకున కెక్కడిది? ఆ రక్షణ కాగితముననే యుండవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల న్యాయవాదులు ఇట్టి ఒడంబడికలను ఫీజు లేక చదివి చెప్పుట కష్టము గాదు. తండ్రులు మాత్రము సంతకమునకు ముందు తెచ్చి చూపవలెను.