కాలినోళ్లే దోషులా?

'విరూపాక్ష' చూసొచ్చాం. 2023 ఏప్రిల్‌లో వచ్చి బాగా ఆడిన సినిమా. దర్శకుడు కార్తీక్ వర్మ దండు, స్క్రీన్‌ప్లే సుకుమార్. మేము హీరో కోసం పోలేదు. చేతబడి చేస్తున్నారని ఆలుమగల్ని ఊరంతా కలిసి చెట్టుకు కట్టేసి తగలబెట్టడంతో కథ మొదలవుతుందని విని పోయాం. తెలుగు సినిమా ఇన్నాళ్లకు ఈ గోడు పట్టించుకున్నదేమోనని ఆశపడ్డాం. ఉత్త చేతుల్తో తిరిగొచ్చాం.

1979లో రుద్రవనం అనే ఊళ్లో ఆ ఘోరం జరుగుతుంది. పుష్కరకాలం తర్వాత ఈ ఊరు వల్లకాడైపోతుందని కాలిపోతున్న ఆడమనిషి శపిస్తుంది. 1991లో చావులు మొదలవుతాయి. కారణం ఎవరంటే ఆ కాలిన ఇంటి కొడుకు. వాడి ఆయుధం మళ్లీ మంత్రమే. అమ్మానాన్నల్ని మంటల్లో పోగొట్టుకున్న పిల్లవాడు ఈ సినిమాకు కనబడలేదు. క్షుద్రశక్తి ఒక్కటే కనబడింది. ఒక కుటుంబం ఏడుపు జనాన్ని జడిపించే సరుకైపోయింది.

అసలు మోసం ఇక్కడే ఉంది. శాపం ఫలించింది, మంత్రం పనిచేసింది. అంటే ఏం తేలింది? అగ్గి పెట్టిన ఊరి భయం నిజమేనని తేలింది. కాల్చినోళ్లు బాధితులయ్యారు, కాలినోళ్లు దోషులయ్యారు. నిప్పు పెట్టిన చేతులకు శిక్ష ఏదని కథ నిలదీయదు. ఊరిని కాపాడ్డానికి గుడి ఉంది, పూజారి ఉన్నాడు, గ్రంథం ఉంది, అష్టదిగ్బంధనం ఉంది. పొలిమేర మూసేశారు సరే, వాడ ఆ గీతకు లోపలా, బయటా? ఈ ప్రశ్న వాళ్లకు తట్టనే లేదు.

దెయ్యం సినిమాకు ఇంత గొడవ దేనికంటారు పెద్దమనుషులు. అయ్యా, మేమూ దెయ్యాల కథలు వింటూ పెరిగినోళ్లమే. కానీ బాణామతి ఈ నేల మీద ఉత్త కథ కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ ఈ అనుమానంతోనే కులసంఘం సమావేశంలో చంపేశారు. 2024లో మెదక్ జిల్లాలో ఒక ఆడమనిషిని కొట్టి నిప్పంటించారు. మంత్రం పారకూడదని పళ్లూడగొట్టిన ఊళ్లున్నాయి. పిల్లకు జ్వరమొచ్చినా, బర్రె పాలియ్యకపోయినా వేలు చూపించేది ఒంటరి ముసలమ్మ వైపే, బలం లేని ఇంటి వైపే. భూమి తగాదా ఉంటే ఇంకా సులువు.

చంపేది ఎప్పుడూ పైకులమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మనోళ్ల చేతుల్లోనూ కర్ర ఉంది. ఎస్సీ, ఎస్టీలను మంత్రగాళ్లని నిందించి హింసిస్తే నేరమని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. అయితే కొట్టినోడూ ఎస్సీ, ఎస్టీయే అయితే ఆ చట్టం వర్తించదు. బీసీ ఇంటి ముసలమ్మకూ అది అక్కరకు రాదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో దానికోసం కొట్లాడిన నరేంద్ర దభోల్కర్‌ను ఆ ఏడాదే పుణేలో కాల్చి చంపారు. ప్రాణం పోసి తెచ్చుకున్న చట్టమది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం తేవాలని మేము అడుగుతున్నాం. అది వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం. ఏ ఇంటి మీద బాణామతి నింద పడితే ఆ ఇంటి ముందు, ఊరు కర్ర పట్టకముందే, మన యువజనులు పోయి నిలబడాలి. ఆ ఇల్లు ఏ కులానిదని అడక్కుండా నిలబడాలి.