ఇల్లూ వాకిలీ: చేపలకు ఎండు మేతా, మంచు మేతా?

కిందటి సంచికలో చేపల తొట్టి నీళ్ల గురించి రాశాను. అది చదివి ఒక సోదరి అడిగారు: "నీళ్ల మాట సరే, మేత సంగతేమిటి? ఒక అంగట్లో డబ్బాలో ఎండు పురుగులిస్తారు, ఇంకో అంగట్లో మంచు బిళ్లలిస్తారు. ఏది కొనాలి?"

మా కోలారు జిల్లాలో చేపకు మేత కొనడమే కొత్త ముచ్చట. 1990లలో మలేరియాను అరికట్టాలని ఇక్కడి పల్లెల బావుల్లో గప్పీ చేపలను వదిలారు. వాటికి పిడికెడు మేత వేసిన వారు లేరు. దోమ పిల్లలను తిని బతికాయి. ఆ గప్పీనే ఇప్పుడు గాజు తొట్టిలో పెట్టుకుని ఏం పెట్టాలా అని ఆలోచిస్తున్నాం!

ఎండు మేత అంటే మన మామిడి ఒరుగుల్లా ఎండలో పెట్టింది కాదు. పురుగులను గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఉంచుతారు. మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. 'ఫ్రీజ్ డ్రై' అంటే ఇదే. మూత బిగించి పెడితే ఫ్రిజ్ అక్కర్లేదు. మంచు మేతలో మాత్రం నీరు అలాగే ఉంటుంది. అందుకే మెత్తగా, సహజంగా ఉండి చేపలు ఇష్టంగా తింటాయి. కానీ దాన్ని సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంచాలి.

చిక్కంతా ఇక్కడే. రాయల్పాడులో మా ఇంట్లో ఒక రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. బిళ్లలు కరిగి మళ్లీ గడ్డకట్టాయి. చూపుకు బాగానే ఉన్నాయిగానీ పారేశాను. ఒకసారి కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించి వాడకూడదు. కరెంటును నమ్మలేని ఇంటికి ఎండు మేతే మేలని నా అభిప్రాయం.

అలాగని అది నిరపాయం కాదు. పోయిన ఏడాది సెలవులకు వచ్చిన మా మనవరాలికి ఒక ఫైటర్ చేపను కొనిచ్చాను. పిల్ల ముచ్చటపడి రోజుకు నాలుగుసార్లు ఎండు ఎర్రపురుగులను పొడిగానే చల్లింది. వారానికి చేప పొట్ట ఉబ్బి, పక్కకు ఒరిగి తేలింది. "తాతా, నేనే చంపేశానా?" అని అడిగింది. మేత వల్లేనని ఒట్టేసి చెప్పలేను. డబ్బా తెచ్చింది నేను, వాడే తీరు చెప్పనిదీ నేనే. ఆ మాటే దానికి చెప్పాను.

పొడి మేత నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఆ ఉబ్బడమేదో గిన్నెలోనే కానివ్వండి. తొట్టి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వేయండి. మంచు బిళ్లనైతే గిన్నెలో కరిగించి, టీ వడపోతలో వంచి, ఆ రసం పారబోయండి. రసం తొట్టిలో పడితే నీళ్లు చెడతాయి. చేప పొట్ట దాని కంటి అంత అనుకుని మేత కొలవండి. రెండు మూడు నిమిషాల్లో తినలేనంత వేయకండి. ఈ రెండూ వారానికి రెండు మూడుసార్లు పెట్టే పండుగ వంటలు, రోజువారీ అన్నం మామూలు గుళికలే.

గప్పీలు పైనుంచి తింటాయి, కనుక తేలే ఎండు మేత వాటికి అనువు. అడుగున తిరిగే చేపలకు మునిగే మంచు మేత మంచిది. ఇంట్లో ఆయాసం, తుమ్ముల బాధ ఉన్నవారు ఎండు ఎర్రపురుగుల డబ్బాకు దూరంగా ఉండండి. ఆ ధూళి కొందరికి పడదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు వడపోతలున్నాయి. చేపలదానికి మనవరాలు ఎర్ర దారం కట్టి పోయింది.