నూట పదకొండు: ఊరి మాట, నీటి మాట

"ఆ ఊళ్ళవాళ్ళే వద్దంటున్న రక్షణ నీకెందుకయ్యా?" జీవో 111 ఊసెత్తినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. దాని వెనకాలే ఇంకొకటి వస్తుంది: "నువ్వు నగరంలో ఫ్లాటులో కూర్చుని, పల్లెవాళ్ళను మాత్రం పచ్చగడ్డికి కాపలా కాయమంటావా?" రెండూ గట్టి ప్రశ్నలే. తప్పించుకోకుండా జవాబు చెప్పాలనే ఈ టపా.

తెలియని మిత్రుల కోసం ముందు నాలుగు ముక్కలు. ఉస్మాన్‌సాగర్ అంటే మనం గండిపేట అని పిలుచుకునే చెరువు. దానికి జంట హిమాయత్‌సాగర్. ఈ రెంటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకూడదని 1996 మార్చి 8న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వే జీవో 111. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి తదితర మండలాల్లోని 84 గ్రామాలు, సుమారు 1,32,000 ఎకరాలు దాని పరిధిలోకి వచ్చాయి. తొంభై శాతం భూమి సేద్యానికీ పచ్చదనానికీ ఉండాలి. లేఅవుటు వేస్తే అరవై శాతం ఖాళీగానో రోడ్లుగానో వదలాలి. ఈ పరిధిలో ఒక నూనె కర్మాగారానికి ప్రభుత్వమే మినహాయింపు ఇవ్వబోతే, అది చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. నీరు చెడ్డాక వగచేకన్నా చెడకముందే జాగ్రత్తపడాలన్నది ఆ తీర్పు సారం.

తరువాత కథ అడ్డం తిరిగింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి, నీటి నాణ్యత చెడరాదన్న షరతు మీద ఆ ఆంక్షలను సడలించింది. 2023 మే 18న మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం మారింది. ప్రభుత్వాలు మారినా, ఆ పొలాల మీద వాలిన చూపులు మారలేదు.

ఎత్తివేతకు చెప్పిన ప్రధాన కారణం ఏమిటి? నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి, మంజీర నీళ్ళు వస్తున్నాయి, నగర అవసరంలో ఈ జంట జలాశయాల వాటా ఒకటీ అరా శాతానికి మించదు, కనుక వాటి చుట్టూ ఇంత కట్టడి అనవసరం అని. వినడానికి లెక్క సరిగానే ఉంది. కానీ ఆ చెరువులు ఎందుకు పుట్టాయో ఆ లెక్కలో లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. చచ్చినవారు పదిహేను వేలని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని నేటికీ చెప్పుకుంటారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు వరుసగా తెగడం ఆ ఉపద్రవాన్ని పెంచింది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను నగరంలోకి రానివ్వకుండా ఎగువనే ఆపి, మెల్లగా వదలాలని ఆయన చెప్పాడు. ఆ మాట ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే ఇవి ముందు వరదకు కట్టిన గోడలు, ఆ తరువాతే తాగునీటి తొట్లు. "తాగునీళ్ళు వేరేచోటి నుంచి వస్తున్నాయి కనుక ఇవి అక్కర్లేదు" అనడం, గొడుగును చేతికర్రగా వాడటం లేదు కనుక పారేద్దామన్నట్టు ఉంటుంది.

పొలం మీద పడిన వానలో కొంత నేలలోకి ఇంకుతుంది, కొంత గట్ల దగ్గర నిలుస్తుంది, మిగిలింది తీరిగ్గా వాగులోకి దిగుతుంది. కాంక్రీటు మీద పడిన వాన అదే గంటలో దిగుతుంది. పరీవాహక ప్రాంతమంతా డాబాలూ తారురోడ్లూ అయితే చెరువులోకి నీరు ఒక్కుమ్మడిగా వస్తుంది. గేట్లు ఒక్కుమ్మడిగా ఎత్తాలి. 2025 సెప్టెంబరు చివరలో గేట్లెత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. పరీవాహకంలో ఇంకా పొలాలు మిగిలి ఉండగా ఇది! ఆ పొలాలూ పోయాక బస్‌స్టేషన్ దగ్గర ఆగుతుందా?

ఇక మురుగు. శుద్ధి కేంద్రాలు కట్టిస్తామనీ, చుక్క మురుగు చెరువులో కలవనీయమనీ అంటారు. మాట ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి గండిపేట దాకా పోనక్కర్లేదు, ట్యాంక్‌బండ్ మీద ఒక సాయంత్రం నిలబడితే చాలు. హుస్సేన్‌సాగర్ కూడా ఒకప్పుడు తాగునీటి చెరువే. కూకట్‌పల్లి నాలా వెంట కాలనీలూ కర్మాగారాలూ వచ్చాయి, ఆ తరువాత ఆ నీళ్ళు తాగేవాడు లేడు. దాన్ని బాగుచెయ్యడానికి ప్రతి ప్రభుత్వమూ సొమ్ము పోసింది. వాసన మాత్రం పోలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఊళ్ళవాళ్ళు ఎత్తెయ్యమన్నారా? అన్నారు. పంచాయతీలు తీర్మానాలు చేశాయి. నేను వారిని తప్పుపట్టను. పాతికేళ్ళకు పైగా నగరం కోసం కట్టుబడింది వారు. గండిపేట పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. అలాంటి చోటికి కూతవేటు దూరంలో ఉన్న రైతు, కూతురి పెళ్ళికి అరెకరం అమ్మబోతే "నూట పదకొండు భూమి" అని ధర విరిచారు. అదే సమయంలో అదే నేల మీద ఫామ్‌హౌసులు లేచాయి, రిసార్టులు లేచాయి, పెళ్ళిమండపాలు లేచాయి. పెద్దవాళ్ళ ప్రహరీకి అడ్డురాని ఉత్తర్వు పేదరైతు గోడకు మాత్రం అడ్డొచ్చింది. ఈ అన్యాయం చూసినవాడు ఉత్తర్వు మీద మండిపడడా?

అయితే మిత్రులారా, ఆ మంటను ఎవరు చలికాచుకుంటున్నారో కూడా చూడండి. రైతు దగ్గర తక్కువ ధరకు కొని ఏళ్ళ తరబడి కాచుకు కూర్చున్నవారు చాలామంది. ఉత్తర్వు పోతే పంట పండేది వారికి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు టమాటా, క్యారెట్, బంతి, చామంతి పండించి నగరానికి పంపే చిన్న రైతుకు దక్కేది ఒక్కసారి చేతికొచ్చే సొమ్ము. ఇక కౌలుదారుకూ కూలికీ ఏమీ దక్కదు, ఎవరూ వారిని అడగరు కూడా. పొలం పోతే మాకు పని ఎక్కడ అని ఊళ్ళో ఒకరిద్దరు నోరు విప్పితే "అభివృద్ధికి అడ్డు" అని ముద్ర పడుతుంది. ఊరంతా ఒక్క గొంతుతో అడిగిందనడం, ఆ గొంతులను లెక్కలోంచి తీసెయ్యడమే.

"జనానికి ఇళ్ళు వద్దా?" అని మరొక బాణం. కావాలి. కానీ గండిపేట గాలి పేరు చెప్పి అమ్మే విల్లాలు ఇల్లు లేనివాడి కోసం కడుతున్నవి కావు. నగరం చుట్టూ నాలుగు దిక్కులుండగా నీరు నిలిచే దిక్కే కావలసి రావడానికి కారణం అవసరం కాదు, ధర.

మరి ఏం చెయ్యాలి? నా మాట ఇది: ఆంక్ష ఉండాలి, దాని ఖరీదు నగరం కట్టాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాడికి అభివృద్ధి హక్కుల పత్రం ఇస్తున్నారు, దాన్ని అతడు బిల్డరుకు అమ్ముకుంటున్నాడు. నీటి కోసం పొలాన్ని పొలంగా ఉంచిన రైతుకు ఆ పత్రం ఎందుకివ్వరు? న్యూయార్క్ నగరం 1997 ఒప్పందం తరువాత ఎగువ కొండల రైతులకు డబ్బిచ్చి మరీ తన తాగునీటిని కాపాడుకుంటోంది. శుద్ధి కర్మాగారం కన్నా అదే చవకని లెక్కవేసుకుంది. మనమేమో 2025 సెప్టెంబరులో గోదావరి నీటిని ఎత్తిపోసి ఈ జంట జలాశయాలను నింపే పథకానికి వేలకోట్లతో శంకుస్థాపన చేసుకున్నాం. ఉచితంగా వాన తెచ్చే వాగులను పూడ్చనిచ్చి, కరెంటు పెట్టి గోదావరిని తెచ్చుకోవడం ఏ లెక్క?

మీలో ఎంతమంది వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశారో, వీసా వచ్చాక నూట ఎనిమిది చేశారో నాకు తెలియదు. ఆ గుడి ఉన్నది గండిపేట ఒడ్డునే, ఈ నూట పదకొండు నేల మీదే. అక్కడి గాలి మనలో చాలామంది పీల్చాం. అక్కడి రైతు కష్టానికి ఖరీదు కట్టమని అడగడం కూడా మన పనే. ఆ ఖరీదు కట్టకుండా పచ్చదనం గురించి మనం ఎన్ని టపాలు రాసినా, ఊరివాడు మన మాట వినడు. వినకపోవడం అతని తప్పు కాదు.