ఆకాశమే ప్రయోగశాల

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో పంటల స్థితిని, వరదల విస్తృతిని తెలియజేస్తుంది. దాని ప్రయోజనం సర్వవిదితం. సుదూర తారల పరిశోధన మాత్రం వృథావ్యయమని కొందరి ఆక్షేపణ. ఇది దూరదృష్టి లేని మాట.

వేలా ఎక్స్-1 అనే జంటతారల వ్యవస్థలో, మహాతార వెదజల్లే వాయువును పల్సర్ తనవైపు ఆకర్షిస్తుంది. ఆ వాయువు పల్సర్‌పై పడి అత్యుష్ణమై ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. సుమారు 283 సెకన్లకొకసారి ఆ కిరణాలు నాడివలె స్పందిస్తాయి. అంతటి గురుత్వాన్ని, అయస్కాంత బలాన్ని భూమిపై ఏ ప్రయోగశాలా కల్పించలేదు. ఆ కిరణాలను మన వాతావరణం అడ్డగిస్తుంది. కనుకనే 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్‌ను ప్రయోగించారు.

పూర్వం గ్రహగతుల అధ్యయనం గురుత్వ నియమానికి దారిచూపింది. నేడు రైతుకు ఉపకరించే ఉపగ్రహాలు ఆ నియమం ప్రకారమే పరిభ్రమిస్తున్నాయి. నేటి తారాశోధన రేపటికి ఏమివ్వగలదో ముందే లెక్కగట్టి దానిని నిరాకరించడం తగదు.